300 గజాల్లో ప్రెయిరీ డాగ్: .223, .204, .22-250 తూటాల్లో ఏది? బావ కొనేలోపు చెప్పండి

నిజాంపేట_కిట్టు

వచ్చే నెల అక్క వాళ్లింటికి సౌత్ డకోటా వెళ్తున్నాను, మూడు వారాలు. బావ అక్కడ డాక్టరు. ఆయన పేషెంటు ఒకాయనకి గొడ్ల రాంచ్ ఉంది. మేత బీడంతా ప్రెయిరీ డాగ్స్ బొరియలేనట, వచ్చి కాల్చుకోండి అని పిలిచాడు. బావ దగ్గర ఒక .223 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉంది. అయినా ఈ వంకతో కొత్తది కొనాలని ఒకటే ఉబలాటం. షాపువాడు .22-250 అంటున్నాడు. బావ ఫ్రెండు .204 రూగర్ తప్ప మిగతావన్నీ దండగ అంటున్నాడు. అక్కేమో ఉన్నదాంతో కానివ్వండి అంటోంది. తేల్చే పని నా నెత్తిన పెట్టారు, "నువ్వే కదా షూటర్‌వి" అని.

నా షూటింగ్ సంగతి చెప్తే నవ్వుతారు. నాలుగేళ్లుగా గచ్చిబౌలి వైపు రేంజ్‌లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చడం), చిన్న .22 ఎల్‌ఆర్ తూటాతో. కాగితం కదలదు, పారిపోదు. 60 మీటర్ల అవతల దేన్నీ ఎప్పుడూ కాల్చలేదు. అక్కడ 150 నుంచి 350 గజాల దాకా ఉంటుందంటున్నారు. ఏ తూటా మంచిది? కాస్త కారణంతో సహా చెప్పండి, బావకి అప్పజెప్పాలి.

ఇరానీచాయ్

300 గజాలంటే నిజాంపేటలో ప్లాటు భయ్యా. రేటు చెప్పు ముందు.

పందిరిమంచం

ఇంతకీ ప్రెయిరీ డాగ్ అంటే కుక్కా? పాపం కదా?

డల్లాస్_శీను

@పందిరిమంచం కుక్క కాదు, నేల ఉడత. అరుపు కుక్కపిల్ల అరిచినట్టు ఉంటుందని ఆ పేరు. మన పందికొక్కు సైజు అనుకో, ఒక కిలో, కిలోంపావు. బొరియ పక్కన మట్టి దిబ్బ మీద రెండు కాళ్లపై నిలబడి చుట్టూ చూస్తుంటుంది. నిలబడితే అడుగు ఎత్తు, వెడల్పు మూడు నాలుగు అంగుళాలు. అంతే టార్గెట్.

@కిట్టు తూటా సంగతి తర్వాత. ఏ వీసా మీద వెళ్తున్నావు?

నిజాంపేట_కిట్టు

బీ1/బీ2. ఎందుకు?

డల్లాస్_శీను

అదే భయపడ్డా. టూరిస్ట్ వీసా, హెచ్1, స్టూడెంట్ వీసా, ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ లెక్కలోకి వస్తాయి. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతిలో పెట్టుకోకూడదు. మినహాయింపు ఉంది: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు నీ పేరు మీద చెల్లుబాటులో ఉండాలి. సౌత్ డకోటాలో బయటివాళ్లు ప్రెయిరీ డాగ్స్ కాల్చాలన్నా ఎలాగూ లైసెన్సు కావాలి. కాబట్టి దిగగానే అది తీసుకో, ప్రింట్ జేబులో పెట్టుకో, ఆ తర్వాతే బావ రైఫిల్ ముట్టుకో. మా ఆఫీసులో ఒక కుర్రాడు హెచ్1 మీద వచ్చి రెండో నెలలోనే రేంజ్‌కి వెళ్లి రీల్స్ పెట్టాడు. ఎవరో చెప్పాక నెల రోజులు నిద్రపోలేదు.

ఇక నా ఓటు .223కి. కారణం ఒకటే, ప్రెయిరీ డాగ్స్ దగ్గర రోజుకి రెండు మూడు వందల తూటాలు ఖర్చవుతాయి. .223 ఏ ఊరి షాపులోనైనా దొరుకుతుంది, మిగతా రెండింటి కన్నా చవక.

స్విఫ్ట్_తాతయ్య

.220 స్విఫ్ట్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. 1935లో వించెస్టర్ తెచ్చింది. 48 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్టు సెకనుకి 4,110 అడుగులు. మీ .204 వాళ్లు 2004లో ఏదో కనిపెట్టినట్టు గంతులేస్తున్నారు గానీ, ఆ వేగం మా నాన్న పుట్టకముందే ఉంది.

ఇరానీచాయ్

తాతయ్యా, మారుతి స్విఫ్ట్ అనుకుని మైలేజీ అడగబోయా.

స్విఫ్ట్_తాతయ్య

మైలేజీ తక్కువే నాయనా. తుపాకీ నాళం (బ్యారెల్) తొందరగా తినేస్తుందని పేరు.

బోల్ట్‌బాబ్జీ

పేర్లు చూసి కిట్టు తికమక పడకుండా ఒక్క మాట. .220 స్విఫ్ట్, .222 రెమింగ్టన్, .223 రెమింగ్టన్, .22-250, వీటన్నిటి బుల్లెట్టూ ఒకటే, 0.224 అంగుళం. ఒకే ఇంటి అన్నదమ్ములు, ఇంటిపేరు మార్చి పెట్టుకున్నారు. తేడా అంతా వెనకున్న ఇత్తడి కేసు సైజులో, అంటే లోపల పట్టే తుపాకీ మందులో. .22-250 అంటే .250 సావేజ్ కేసు మెడ నొక్కి .22 బుల్లెట్టు పెట్టింది. ఎన్నో ఏళ్లు వేటగాళ్లు ఇళ్లలో సొంతంగా చేసుకున్నారు, 1965లో రెమింగ్టన్ ఫ్యాక్టరీలో చేయడం మొదలుపెట్టింది. .223 దాని కన్నా చాలా చిన్న కేసు. .204 మాత్రం వేరే జాతి, బుల్లెట్టే సన్నం.

55 గ్రెయిన్ల బుల్లెట్టుతో .223 సెకనుకి 3,240 అడుగులు, .22-250 3,680. .204లో 40 గ్రెయిన్లది 3,900, 32 గ్రెయిన్లదైతే 4,225. నా ఓటు .22-250. 300 దాటాక నీకే తెలుస్తుంది.

కాన్సస్_కరీంనగర్

నా ఓటు .204కి, వేగం కోసం కాదు. దెబ్బ నాకే కనిపిస్తుంది, అందుకు. .22-250తో కాలిస్తే స్కోపు ఎగురుతుంది, మళ్లీ దించి చూసేసరికి అక్కడ దుమ్ము మాత్రమే. తగిలిందా, ఎడమకి పోయిందా, పక్కనున్నవాడు చెప్పాలి. .204 తన్నదు. ట్రిగ్గర్ నొక్కిన దగ్గర్నుంచి దుమ్ము లేచే దాకా కన్ను స్కోపులోనే ఉంటుంది. తప్పినా ఎంత తప్పిందో నీకే కనిపిస్తుంది, మరుసటి తూటా సరిచేసుకుంటావు. కొత్తవాడికి ఇంతకన్నా కావలసింది ఏముంది?

డల్లాస్_శీను

.223 కూడా తన్నదు కదన్నా. బరువైన బ్యారెల్ రైఫిల్ అయితే దాంట్లోనూ దెబ్బ కనిపిస్తుంది.

కాన్సస్_కరీంనగర్

కనిపిస్తుంది, కాదనను. కానీ .204 వాడినవాడు వెనక్కి రాడు.

మౌలాలీ_మామ

ఇంత ఖర్చెందుకు? .17 హెచ్‌ఎమ్‌ఆర్ తీసుకోండి. మా తమ్ముడు కొలరాడోలో దాంతోనే 220 గజాల్లో కొట్టాడు.

బోల్ట్‌బాబ్జీ

ఆ రోజు గాలి లేదు మామా.

మౌలాలీ_మామ

నీకెలా తెలుసు?

బోల్ట్‌బాబ్జీ

కొట్టాడంటున్నావు కాబట్టి.

ఫిజిక్స్_మాస్టారు

అందరూ వేగం వేగం అంటున్నారు, అసలు శత్రువు గాలి. సౌత్ డకోటా మైదానంలో చెట్టు ఉండదు, గాలి ఆగదు. బుల్లెట్టు ఎంత కిందికి జారుతుందో రేంజ్‌ఫైండర్ చూసి సరిచేసుకోవచ్చు, దూరం ఒక అంకె. గాలి అంకె కాదు. కాబట్టి తూటాని గాలి లెక్కతో కొలవాలి.

చాలామంది అనుకునేది: బుల్లెట్టు గాల్లో ఎంత సేపు ఉంటే అంత పక్కకి పోతుంది. సగమే నిజం. పక్కకి నెట్టేది మొత్తం ప్రయాణ సమయం కాదు, ఆలస్యం. గాలి నిరోధమే లేకపోతే పట్టే సమయం ఒకటి, నిజంగా పట్టిన సమయం ఒకటి. ఆ రెండింటి తేడాని అడ్డగాలి వేగంతో గుణిస్తే ఎంత పక్కకి జరిగిందో వస్తుంది. కాగితం మీద చూద్దాం.

.223, 55 గ్రెయిన్లు. 300 గజాలంటే 900 అడుగులు. నిరోధం లేకపోతే 900ని 3,240తో భాగించాలి, 0.28 సెకన్లు. నిజంగా పట్టేది సుమారు 0.34. ఆలస్యం 0.06. గంటకి 10 మైళ్ల అడ్డగాలి అంటే సెకనుకి 176 అంగుళాలు. గుణించండి, పదిన్నర అంగుళాలు. ఉడత వెడల్పు నాలుగు. గాలి 10 అనుకున్నది 15 అయితే మరో ఐదు అంగుళాలు, ఉడత బతికింది.

అదే లెక్క .22-250 55 గ్రెయిన్లకి వేస్తే సుమారు 9. .204 40 గ్రెయిన్లకి ఎనిమిదికి కాస్త లోపు. మామగారి .17 హెచ్‌ఎమ్‌ఆర్‌కి 200 గజాల్లోనే అడుగు దాటుతుంది. 17 గ్రెయిన్ల పల్చటి బుల్లెట్టు, 2,550 అడుగులతో బయల్దేరి ఊరి పొలిమేర దాటేసరికే ఆయాసపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. .223లోనే బుల్లెట్టు మార్చండి. హార్నడీ కంపెనీ వీ-మాక్స్ 53 గ్రెయిన్లది 55 దాని కన్నా సన్నగా, పొడుగ్గా ఉంటుంది, గాలిని చీల్చే గుణం 0.255 బదులు 0.290. ఫ్యాక్టరీ తూటాలో 3,465 అడుగులు. లెక్క వేస్తే 300 గజాల్లో తొమ్మిది అంగుళాల దగ్గర. అంటే షాపువాడు కొత్త రైఫిల్ అమ్మి ఇస్తానన్న లాభం తూటాల డబ్బా మారిస్తే వచ్చేస్తుంది.

నిజాంపేట_కిట్టు

మాస్టారూ, ఇది చదివాక ఒకటి వెలిగింది. మా కోచ్ .22లో హై వెలాసిటీ డబ్బా చూస్తేనే తిడతారు. మ్యాచ్ తూటా సెకనుకి 1,080 అడుగుల దరిదాపుల్లో ఉండాలంటారు. వేగంగా పోయేది గాలికి తక్కువ కదలాలి కదా అని నాకు అనుమానం ఉండేది.

ఫిజిక్స్_మాస్టారు

ఆ లెక్కకి అదే ఉదాహరణ! 100 గజాల్లో 10 మైళ్ల గాలికి 1,080 అడుగులది సుమారు నాలుగు అంగుళాలు పోతే, 1,255 అడుగులది ఐదున్నర పోతుంది. రెండోది ధ్వని వేగం దాటి బయల్దేరుతుంది, అక్కడ నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. ముందు చేరుతుంది గానీ ఎక్కువ ఆలస్యంగా చేరుతుంది. వాక్యం వింతగా ఉంది, లెక్క మాత్రం కరెక్టు. అలాగని ప్రెయిరీ డాగ్స్‌కి సబ్‌సోనిక్ (ధ్వని వేగం దాటని తూటా) వాడమని కాదు, 300 గజాలకి అది రాయి విసిరినట్టే.

ఇరానీచాయ్

ముందు చేరుతుంది గానీ ఆలస్యంగా చేరుతుంది. మెట్రో దిగి షేర్ ఆటో ఎక్కినట్టు.

బోల్ట్‌బాబ్జీ

మాస్టారి లెక్కలో తిరకాసు ఉంది. .223కి 53 వేశారు, .22-250కి పాత 55 వేశారు. రెండింట్లోనూ 53 వేయండి, మళ్లీ మాదే పైచేయి.

ఫిజిక్స్_మాస్టారు

ఒప్పుకుంటున్నా. తేడా అంగుళమో అంగుళంన్నరో ఉంటుంది. ఆ అంగుళం కోసం కొత్త రైఫిల్, ఖరీదైన తూటాలు, తొందరగా అరిగే నాళం. బావగారి జేబు, బావగారి ఇష్టం.

అట్లాంటా_అచ్యుత్

ఇంకా పైకెళ్లొచ్చు. .223లోనే 75 గ్రెయిన్ల ఈఎల్‌డీ మ్యాచ్ వేస్తే 300లో ఏడు అంగుళాలే, .204 కన్నా నయం.

డల్లాస్_శీను

మ్యాచ్ బుల్లెట్టు కాగితానికి బాగుంటుంది అచ్యుత్. ఇక్కడ కావలసింది తగలగానే తునకలయ్యేది. వీ-మాక్స్ లాంటి వార్మింట్ (పంట, మేత పాడుచేసే చిన్న జంతువుల కోసం చేసిన) బుల్లెట్లకి తొడుగు పల్చన, ముందు ప్లాస్టిక్ మొన. నేలకి తగిలినా అక్కడే పొడైపోతుంది. మ్యాచ్ బుల్లెట్టు గట్టి నేలకి తగిలి ఎగిరి పక్క రాంచ్‌లో ఆవు దగ్గరికి పోయే అవకాశం ఎక్కువ. దిబ్బ మీద నిలబడ్డ ఉడత వెనక ఆకాశం కనిపిస్తే ఏ బుల్లెట్టయినా సరే కాల్చకూడదు. వెనక మట్టి ఉండాలి.

ఇంకోటి, కిట్టూ. బావ రైఫిల్ నాళం మీద చూసి చెప్పు: 1-12 ఉందా, 1-9 ఉందా, 1-8 ఉందా?

నిజాంపేట_కిట్టు

బావ ఫోటో పంపాడు. ".223 రెమ్, 1-8" అని ఉంది. దీని అర్థం?

బోల్ట్‌బాబ్జీ

నాళం లోపల గాడులు మెలికలు తిరిగి ఉంటాయి, ఆ మెలికే బుల్లెట్టుని బొంగరంలా తిప్పుతుంది. 1-8 అంటే ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు. పొడుగు బుల్లెట్టు నిలకడగా పోవాలంటే గట్టి మెలిక కావాలి. అచ్యుత్ చెప్పిన 75 గ్రెయిన్లది 1-12 నాళంలో వేస్తే అడ్డంగా పల్టీలు కొట్టి కాగితానికి తాళంచెవి ఆకారంలో బెజ్జం పెడుతుంది.

తిరగేస్తే కూడా చిక్కే. పల్చటి తొడుగున్న తేలిక బుల్లెట్టుని గట్టి మెలికలో మరీ వేగంగా తోలితే ఆ తిరుగుడుకే విచ్చిపోతుంది. వేగాన్ని 720తో గుణించి మెలిక అంగుళాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 53 గ్రెయిన్లది 3,465 అడుగులు, 1-8 మెలిక: 3 లక్షల 11 వేల పైచిలుకు. అదే 40 గ్రెయిన్లది 3,800తో 1-7లో అయితే 3 లక్షల 90 వేలు దాటుతుంది. అలా ఒకసారి నాకు 50 గజాలు దాటాక గాల్లో బూడిద రంగు పొగ చార మాత్రమే కనిపించింది, కాగితం మీద ఏమీ లేదు. స్కోపు పాడైందని పావుగంట స్క్రూలు బిగించా.

నీ 1-8కి 53 హాయిగా నడుస్తుంది. .22-250 వాడినైనా ఇది చెప్పక తప్పడం లేదు, వెధవ నిజాయితీ.

అట్లాంటా_అచ్యుత్

ఇంకో ముక్క. నాళం మీద .223 అని రాసి ఉంటే 5.56 నాటో (సైన్యం వాడే) తూటాలు చవకగా దొరుకుతున్నాయి కదా అని వేయొద్దు. చూడ్డానికి ఒకటే. కానీ 5.56 ఛాంబర్ (నాళంలో తూటా కూర్చునే చోటు) కొలత వేరు, .223 ఛాంబర్‌లో దాన్ని పేలిస్తే ఒత్తిడి మితిమీరొచ్చు. 5.56 రైఫిల్‌లో .223 వేయొచ్చు, తిప్పి చేయకూడదు.

అడవిమల్లె

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. వేట వద్దని ఉపన్యాసం ఇవ్వను. రెండు విషయాలు మాత్రం అడుగుతాను.

ఒకటి, నల్లకాళ్ల ఫెరెట్ అని ముంగిసలాంటి జంతువు ఉంది. దాని తిండి దాదాపు అంతా ప్రెయిరీ డాగ్సే, ఉండేదీ వాటి బొరియల్లోనే. అంతరించిందనుకున్నాక 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర బయటపడింది. ప్రెయిరీ డాగ్స్‌ని తుడిచేస్తే అదీ పోతుంది. సౌత్ డకోటాలో దాన్ని మళ్లీ వదిలిన చోట్లు ఉన్నాయి. మీ రాంచ్ వాటి పక్కనే కాదని తెలుసుకోండి. ప్రెయిరీ డాగ్స్ అన్నీ ఒక జాతి కూడా కాదు, యూటా రాష్ట్రంలోని జాతికి చట్టరక్షణ ఉంది.

రెండోది సీసం. డల్లాస్ శీను గారు తునకలయ్యే బుల్లెట్టు మంచిదన్నారు. ఆ తునకలు ఉడత ఒంట్లో ఉంటాయి. కాల్చినవాటిని అక్కడే వదిలేస్తారు, గద్దలు, డేగలు వచ్చి తింటాయి, సీసం వాటి రక్తంలోకి పోతుంది. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలు పూర్తిగా ఆపేసింది. సీసం లేని వార్మింట్ బుల్లెట్లు కూడా అమ్ముతున్నారు.

కాన్సస్_కరీంనగర్

రాంచర్ బాధ కూడా చూడాలి కదా మేడం. గడ్డి మొదలంటా కొరికేస్తాయి. గుర్రం కాలు బొరియలో పడితే విరుగుతుంది. ఆయన విషం పెట్టేకంటే తుపాకీ నయం. విషం ఉడత దగ్గర ఆగదు.

అడవిమల్లె

విషం కన్నా నయమే. అది నేనూ ఒప్పుకుంటాను. సీసం సంగతికి జవాబు రాలేదు.

డల్లాస్_శీను

జవాబు లేక. నేను ఆలోచించని విషయం అది. సీసం లేనివి పొడుగ్గా ఉంటాయి, ఒక్కో నాళంలో ఒక్కోలా కుదురుతాయి. కిట్టు బావకి 1-8 కాబట్టి ఒక డబ్బా ప్రయత్నించొచ్చు.

వికారాబాద్_రైతుబిడ్డ

మీరు అమెరికా ఉడతల గురించి ఇంత మాట్లాడుతున్నారు. మాకు వేరుశనగలో అడవి పందులు పడి మూడు రాత్రుల్లో ముప్పావు ఎకరం దున్నేశాయి. చుట్టూ పాత చీరలు కట్టాం. మంగలి షాపు నుంచి జుట్టు తెచ్చి గట్ల మీద చల్లాం. పటాసులు కాల్చాం. నాలుగు రోజులు భయపడతాయి, ఐదో రోజు చీర కిందనుంచే దూరతాయి. ఇక్కడ ఏ తూటా పనికొస్తుందో అదీ చెప్పండి.

మోడరేటర్

ఇండియాలో వేట గురించి తూటాల సలహా ఇక్కడ ఇవ్వకూడదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా అడవి పందిని చంపడం నేరం. రైతుబిడ్డ గారి బాధ అర్థమైంది, నష్టపరిహారం, అనుమతి దరఖాస్తు మీద వేరే చర్చ తెరవండి, నేనే పైన పిన్ చేస్తాను.

వికారాబాద్_రైతుబిడ్డ

అనుమతి అడిగాం. కాగితం తిరుగుతోంది. పంది తిరుగుతోంది.

స్విఫ్ట్_తాతయ్య

బాబూ, కరెంటు తీగ మాత్రం పెట్టకండి. మా ఊళ్లో పందికి పెట్టిన తీగ తగిలి పాలేరు పోయాడు. తెల్లారి నీళ్లు పెట్టడానికి వెళ్లాడు, చెప్పులు గట్టు మీదే ఉన్నాయి. ఈ చిన్న తూటాలేవీ పందికి పనికిరావు కూడా. గాయపడి తిరిగే పంది కన్నా బాగున్న పందే మేలు.

వికారాబాద్_రైతుబిడ్డ

తీగ పెట్టం తాతా. మాకూ పిల్లలున్నారు.

కాన్సస్_కరీంనగర్

మళ్లీ కిట్టు దగ్గరికి. ఏ తూటా తీసుకున్నా బ్యారెల్ కాలిపోతుంది, అది ఎవరూ చెప్పలేదు. మొదటి గంట సరదాలో ఇరవై ముప్పై వరసగా వేసేస్తారు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే నాళం లోపల మొదటి రెండు మూడు అంగుళాలు తొందరగా తినేస్తుంది, స్కోపు ముందు వేడి ఆవిరి లేచి ఉడత నాట్యం చేస్తున్నట్టు కనిపిస్తుంది. పది వేసి బోల్టు తెరిచి పక్కన పెట్టాలి, రెండో రైఫిల్ తీసుకోవాలి. వేడి ఛాంబర్‌లో తూటా పెట్టి ఆలోచిస్తూ కూర్చోవద్దు. బావ నిజంగా రెండోది కొనాలనుకుంటే సరైన కారణం ఇది. మీ అక్కకి ఇలా చెప్పమను.

ఇరానీచాయ్

అక్కకి చెప్పే ధైర్యం ఏ క్యాలిబర్‌లో వస్తుంది?

దోమలగూడ_దొర

ఒక పాత గాయం చెప్తా. మా కొలీగు టెక్సాస్‌లో ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్లాడు. ఒక .22 తూటా బ్యాగు పక్క జేబులో ఉండిపోయింది. ఇండియాకి వచ్చాక ఏడు నెలలకి అదే బ్యాగుతో బెంగళూరు బయల్దేరాడు, ఇక్కడి స్క్రీనింగ్‌లో దొరికింది. వేరుశనగ గింజంత సీసం. ఫ్లైటు పోయింది, ఆయుధాల చట్టం కింద కేసు, లాయరు, పాస్‌పోర్టు రెన్యువల్‌కి తిప్పలు. తెలియక ఉండిపోయిందని తేలితే హైకోర్టులు ఇలాంటివి కొట్టేస్తాయి, వాడిదీ కొట్టేశారు. కొట్టేసేదాకా తిరిగింది మాత్రం వాడే. రేంజ్‌కి, రాంచ్‌కి వేసుకెళ్లిన బ్యాగు, జాకెట్టు విమానంలోకి తేవద్దు. ఖాళీ ఇత్తడి కూడా గుర్తుగా తెచ్చుకోవద్దు, వివరించే ఓపిక ఉంటే తప్ప.

నిజాంపేట_కిట్టు

అందరికీ థ్యాంక్స్. బావకి మొత్తం చదివి వినిపించా. ఉన్న .223తోనే, 53 గ్రెయిన్లు, ఒక డబ్బా సీసం లేనివి. కొత్త రైఫిల్ డబ్బుతో రేంజ్‌ఫైండర్, బైపాడ్ (రైఫిల్ ముందు ఆనించే రెండు కాళ్ల స్టాండు). అక్క ఈ చర్చా వేదికకి దణ్ణం పెట్టింది. వచ్చాక రిపోర్టు రాస్తా.

బోల్ట్‌బాబ్జీ

బావ అంత తేలిగ్గా ఒప్పుకున్నాడా? నాకు అనుమానమే.

నిజాంపేట_కిట్టు

వచ్చేశా. ఆరు వారాలైంది, రాయలేకపోయా.

లైసెన్సు మొదటి రోజే తీసుకున్నా (శీనన్నకి మొక్కాలి, రాంచ్ దగ్గర ఒక అధికారి ఆపి అడిగాడు కూడా). ఫెరెట్‌లు వదిలిన చోటు అక్కడికి చాలా దూరం, రాంచర్‌ని అడిగి కనుక్కున్నా. పొద్దున్న ఆరింటికి వెళ్లాం. గాలి లేదు. గడ్డి చీలమండల దాకా కూడా లేదు, కొరికేశాయి. మట్టి దిబ్బలు ఇడ్లీ పాత్రలో గుంటలు తిరగేసినట్టు వరసగా. 140 గజాల్లో మొదటిది, తగిలింది. రెండోది 165, తగిలింది. నేను పెద్ద షూటర్ని అనుకున్నా. బావ కూడా అనుకున్నాడు.

తొమ్మిదింటికి గాలి మొదలైంది. 280 గజాల్లో ఒకటి నిలబడి ఉంది. గాలికి ఐదు అంగుళాలు వదిలి కాల్చా. దుమ్ము దానికి జానెడు కుడిపక్క లేచింది. అది కదల్లేదు, తల తిప్పి దుమ్ము వంక చూసింది. మళ్లీ కాల్చా, ఈసారి ఎడమ. మూడోసారికి గాలి ఆగిపోయింది, నేను ఆగలేదు. నాలుగు తూటాలయ్యాక అది తీరిగ్గా బొరియలోకి దిగింది. 50 మీటర్ల రేంజ్‌లో జెండా చూసి గాలి చదవడం వేరు. ఇక్కడ నా దగ్గర ఒక గాలి, మధ్యలో వాగు పల్లంలో ఇంకో గాలి, ఉడత దగ్గర గడ్డి అసలు ఊగడం లేదు.

లెక్క: రోజంతా 112 తూటాలు, 41 తగిలాయి. 250 దాటాక కాల్చినవి 50, తగిలినవి ఆరు. కరీంనగర్ అన్న చెప్పినట్టు దెబ్బ ప్రతిసారీ స్కోపులోనే కనిపించింది, .223లో కూడా. సీసం లేనివి మా నాళంలో పర్వాలేదు, 200 దాకా తేడా తెలియలేదు. @అడవిమల్లె గారూ, సాయంత్రం మేం జీపెక్కేసరికి రెండు డేగలు దిగాయి. రెండో రోజు అవే వాడాం, ఉన్నంత వరకు.

అడవిమల్లె

రాసినందుకు థ్యాంక్స్. పేరు చదవగానే తిడతారనుకున్నాను.

ఫిజిక్స్_మాస్టారు

250 దాటాక 50కి ఆరు. చూశారా, అది తూటా తప్పు కాదు.

మౌలాలీ_మామ

.17 అయితే ఏడు తగిలేవి.

దోమలగూడ_దొర

బ్యాగు చూసుకున్నావా?

నిజాంపేట_కిట్టు

బ్యాగు ఖాళీ, మూడుసార్లు దులిపా. బయల్దేరే ముందు రాత్రి అక్క నా జీన్స్ ఉతకడానికి వేస్తుంటే మెషిన్‌లో టంగ్‌మని మోగింది. మడతపెట్టిన పాంటు అంచులో ఒక ఇత్తడి కేసు. ఆ కేసు అక్కడే ఆగింది, ఈ కేసు దాకా రాలేదు.

ఇరానీచాయ్

అక్క రెండోసారి కాపాడింది. మరి బావ?

నిజాంపేట_కిట్టు

నేను విమానం ఎక్కిన వారానికి .22-250 కొన్నాడు. బ్యారెల్ చల్లారడానికి రెండోది కావాలని వేదికలో చెప్పారు అని అక్కకి చెప్పాడట.

బోల్ట్‌బాబ్జీ

మెలిక ఎంత?

నిజాంపేట_కిట్టు

1-14. బుల్లెట్లు 75 గ్రెయిన్లవి కొన్నాడు. ఇంకా చెప్పలేదు నేను.